అరవంలో రాసిన చీటీ

మద్యనిషేధం రోజులవి. బస్సులు ఆపి సంచులు వెతికేవాళ్లు.

ఆత్మకూరులో ఉదయగిరి బస్సెక్కిన ఒక అవ్వ నా పక్కన కూర్చుంది. ఒళ్లో లేహ్యం డబ్బా. క్యాన్సర్ నొప్పితో నిద్రలేని భర్త కోసం తమిళనాడులో సిద్ధవైద్యుడి దగ్గర్నుంచి తెస్తోందట. అందులో గంజాయి ఆకు ఉందని కూడా మామూలుగా చెప్పేసింది.

ఊరు దాటగానే ఎక్సైజు వాళ్లు బస్సు ఆపారు.

"ఉసిరి లేహ్యమని చెప్పవ్వా," అన్నాను చెవిలో. ఆమె సంచిలో ఏదో వెతుక్కుంటోంది.

ఇన్‌స్పెక్టరు అడగగానే, "గంజాయి ఆకు పడిన మందు సార్," అని వైద్యుడి చీటీ ఇచ్చింది. చీటీ అరవంలో ఉంది.

"ఏం రాసుండాది ఇందులో?"

"నాకూ అరవం రాదు సార్. వైద్యుడు నోటితో చెప్పింది మీకు చెప్తుండా." సంచిలోంచి బొటనవేలంత చెక్క స్పూను తీసింది. "పొద్దున ఒకటి, రేత్రికి ఒకటి. కొలతకని మా ఆయనే చెక్కుకున్నాడు."

ఇన్‌స్పెక్టరు ఆ స్పూనును కాసేపు తిప్పి చూశాడు. డబ్బా మూత తానే బిగించి, ఆమె ఒళ్లో పెట్టి దిగిపోయాడు.

బస్సు కదిలింది. "పట్టుకోని పోయుంటే ఏం చేసేదానివవ్వా?" అన్నాను.

"ఎట్లా తెచ్చినావని మా ఆయన అడుగుతాడు నాయనా. అబద్ధం చెప్పి తెచ్చినానంటే నోట పెట్టడు."