జాలీ వెనక నేను పెట్టిన గుడ్డ

కంప్యూటర్ ఆరిపోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా అత్త. నేను దేవుని గదిలో దీపానికి వత్తి సరిచేస్తున్నాను. ఆమె గడప అవతలే నిలబడి, "ఏమ్మే, నీ చెల్లెలు కట్టిన పెట్టె సచ్చిపోయినాది. పోయి సూడు, దాని మొగం గూడా అట్లే ఉండాది" అంది.

నీ చెల్లెలంటే నా తోడికోడలు, మా మరిది భార్య. ప్రేమగా ఉన్నప్పుడు అత్తకు ఆమె 'నా చిన్నకోడలు'. కోపమొస్తే 'నీ చెల్లెలు'.

మాది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. నేను బడికి పోయినదాన్ని కాదు. నాయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తూనే, పక్కన నాకు పలక ఇచ్చి అక్షరాలు దిద్దించాడు, భజన పాటలు చదివించాడు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన చలవే. అక్షరాలతో పాటు ఆయన నేర్పిన సంగతి ఇంకొకటి ఉంది. మగ్గం ఉన్న గదిలోకి గాలి రానివ్వకూడదు. పట్టుపోగు సన్నం, ఎండుగాలి తగిలితే పుటుక్కున తెగుతుంది. అందుకే నడి ఎండాకాలంలో కూడా ఆ గదిలో ఫ్యాను వేయం, కిటికీ తీయం. చెమటలు కారుతున్నా అట్లే నేస్తారు. బయట చూస్తే ఏడాదిలో ఎక్కువ రోజులు ఎర్రదుమ్మూ వడగాలే. ఆ గాలిని గడప దాటనివ్వకుండా చూడటమే ఆడదాని నేర్పు అనుకుంటూ పెరిగాను.

నా తోడికోడలు నాకన్నా బాగా నేసేది. బండి మీద నుంచి పడి కాలు విరిగింది. ఎముక అతుక్కుంది కానీ మగ్గం తొక్కే బలం మళ్లీ రాలేదు. ఓ మూల కూర్చుని పట్టుపోగును కండెలకు చుట్టడమే మిగిలింది. ఊరికే ఉండే మనిషి కాదు. ఫోనులో చూసి చూసి, కంప్యూటర్లో అంచులూ కొంగులూ గీయడం నేర్చుకుంది. మాకు పట్టు ఇచ్చే షావుకారు ఒక పెళ్లిచీర కొంగు గీసిమ్మని అడిగాడు. "నచ్చితే ఇంక మా డిజైన్లన్నీ నీకే తల్లీ" అన్నాడు. ఆ కొంగు నిలిస్తే ఆమెకు మళ్లీ తనదంటూ ఒక పని. లేదంటే బతుకంతా కండెలే.

సామాన్ల కోసం ఇద్దరం అనంతపురం పోయాం. అంగడిలో వాళ్లే బిగించి ఇస్తామన్నారు. ఈమె ఒప్పుకోలేదు. బస్సులో మదర్‌బోర్డు అట్టపెట్టెను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని వచ్చాను. ఇంటికొచ్చి చాప పరిచి, ఒక్కో ముక్కా తీసి అమర్చింది. నేను పక్కన కూర్చుని స్క్రూలు అందించాను.

"భయంగా లేదా మ్మీ?" అన్నాను.

"తెగిన పడుగు అతికేదాని కన్నా కష్టమా అక్కా ఇది?" అంది.

ప్రాసెసర్‌ను దాని గూట్లో కూర్చోబెట్టి, మీద బూడిదరంగు పేస్టు కందిగింజంత పెట్టింది. "విభూతి పెట్టినట్టుండాది" అన్నాను. నవ్వింది. దాని మీద ఫ్యాను బిగించింది. తెర వెలిగినప్పుడు నేను కొబ్బరికాయ కొట్టాను, అత్త పెట్టెకు బొట్టు పెట్టింది.

ఇంట్లో దుమ్ము చొరని గది మగ్గం గదొక్కటే కనుక పెట్టెను అక్కడే పెట్టారు. అది నడుస్తుంటే దగ్గరికి పోయి చెయ్యి పెట్టి చూశాను. ముందున్న నల్ల జాలీ గాలిని లోపలికి లాగుతోంది. వెనకనుంచి వేడిగాలి వస్తోంది, నేరుగా పడుగు మీదికి. పోగులన్నీ తెగిపోతాయని భయపడ్డాను. జాలీ ఊడదీయడం ఆమె చేస్తుంటే చూశాను కదా, అట్లే ఊడదీశాను. నల్ల జాకెట్టు గుడ్డ మడిచి, మందంగా కుట్టి, మూలకు పసుపు అద్ది, "తల్లీ, దీన్నీ మగ్గాన్నీ రెంటినీ కాపాడు" అని మొక్కుకుని జాలీ వెనక దోపాను. వెనకవైపును గోడకు ఆనించి జరిపాను. నల్ల జాలీ వెనక నల్లగుడ్డ బయటికి కనబడలేదు, గాలి ఆగింది. దేవునికి దండం పెట్టుకున్నాను. ఎవరితోనూ చెప్పలేదు. మిక్సీకి తొడుగు వేస్తే ఎవరికైనా చెబుతామా?

ఆ తర్వాతే అత్త కబురు తెచ్చింది.

పోయి చూస్తే, కాసేపు గీయగానే లోపల ఫ్యాను గొంతెత్తి అరుస్తోంది. తెర మీద వేడి చూపించే అంకె పెరిగి పెరిగి ఎర్రబడుతోంది. అంతలో అంతా నల్లబడుతోంది. మరిది మగ్గం గుంటలోనుంచి, "అంగట్లో బిగించుకోమంటే ఇన్యావా?" అన్నాడు.

"నీ లుంగీకన్నా గట్టిగానే బిగించినాలే" అంది ఆమె.

నవ్వుతూ అంటూనే పెట్టె విప్పడానికి కూర్చుంది. ప్రాసెసర్ మీది ఫ్యాను విప్పింది, పాత పేస్టు తుడిచి కొత్తది పెట్టింది, స్క్రూలు మూలమూలకూ సమంగా బిగించింది. ముందు గదిలోకి మోసుకుపోయి, పెట్టె పక్క తలుపు తీసి నడిపితే బంగారంలా నడిచింది. తలుపు మూసి మగ్గం గదిలో పెడితే మళ్లీ ఆరిపోయింది. మళ్లీ విప్పింది. నేను మజ్జిగ తెచ్చిచ్చాను, తల నిమిరాను, ఆమె కోసం ఉపవాసమున్నాను. అన్నీ చేశాను.

కొంగు సగంలో ఉండగానే షావుకారు ఫోను చేశాడు. "పెండ్లి ఆగదు కదమ్మా. ఇంట్లో కట్టిన మిషన్ని నమ్ముకుని నేను కూచోలేను. వేరేవాళ్లకి ఇచ్చేసినా."

ఆమె ఏడవలేదు. మళ్లీ పెట్టె ముందే కూర్చుంది. "పని పోతే పోయింది. తప్పు యాడుందో తెలియాల" అంది. కొంతసేపటికి నావైపు తిరిగి, "అక్కా, తలుపు తీస్తే బాగుండాది, మూస్తే పోతాండాది. లోపలికి గాలి రాలేదు. యాడో ఆగుతాండాది" అంది.

గాలి అన్న మాట వినగానే నేను దోపిన గుడ్డ గుర్తొచ్చింది. వంగి జాలీ ఊడదీశాను. గుడ్డ కింద పడింది, పసుపు మరకతో సహా. గాలి ఆడగానే ఫ్యాను అరుపు మెల్లగా తగ్గింది.

ఆమె గుడ్డను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. పసుపును బొటనవేలితో రుద్దింది. నా మీద అరిచి ఉంటే బాగుండేది. "ఎంత గట్టిగా కుట్నావక్కా!" అంది.

నేరుగా అత్త దగ్గరికి పోయి చెప్పాను. అత్త నన్ను ఎగాదిగా చూసి, "గుడ్డపేలికకి అంత మిషను ఆగుతాదా? దాన్ని ఎనకేసుకొస్తాండావు నువ్వు" అంది. నిజంగానే ఆగిందత్తా, అని ఏడ్చాను. అప్పటికే మా తోడికోడలు కుంటుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "పోనీలే అక్కా. నేనే సరిగా బిగియలేదులే" అంది. అత్త దృష్టిలో నేను చులకన కాకూడదని అలా అంది. నేను నోరెత్తేలోపే అత్త, "సూడు, అదే ఒప్పుకుంటాండాది" అని లేచిపోయింది.

షావుకారు దగ్గరికి కూడా పోయి చెప్పాను. ఆయన నవ్వి, "మీ ఇంట్లో ఐకమత్యం బాగుండాదమ్మా" అన్నాడు. నేను చెప్పిన నిజాన్ని మంచితనం కింద జమకట్టారు. అంతకన్నా పెద్ద శిక్ష నాకు తెలియదు.

ఇప్పుడా పెట్టె వంటింటి పక్క వసారాలో, గాలి తగిలేచోట నడుస్తోంది. ఒక్కసారీ ఆరిపోలేదు. చిన్న చిన్న అంచుల పని ఎవరెవరో ఇస్తున్నారు. ఆ షావుకారు మాత్రం మళ్లీ అడగలేదు. ఆ నల్లగుడ్డను ఆమె పారేయలేదు. "మెత్తగుండాది అక్కా" అంటూ నొప్పికాలి కింద వేసుకుని గీస్తుంటుంది. నేను టీ ఇవ్వడానికి పోయిన ప్రతిసారీ నా కళ్లు దాని మీదికే పోతాయి.

ఇలాంటి మనిషిని నా ఇంట్లో, నా పక్కన పెట్టినందుకు దేవునికి ఎన్ని దండాలు పెట్టినా తీరదు. నా మాట ఇక్కడ ఎవరూ నమ్మలేదు. మీరైనా నమ్మండి. మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు ఆమెను ఒక్కసారి తలచుకోండి. పేరు అక్కరలేదు. ధర్మవరంలో ఒక చిన్నకోడలు, తను బిగించిన పెట్టెలో ఒక్క స్క్రూ కూడా వదులు లేదు, అనుకోండి. చాలు.