పెద్దమ్మ పెట్టెలో కలరా ఉండలు: జంషెడ్‌పూర్‌లో మూడు రోజులు

ఈ ప్రయాణానికి కారణాలు రెండు. జంషెడ్‌పూర్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు లలితక్కకి కొడుకు పుట్టాడు, ఇరవయ్యొకటో రోజున బారసాల. అదే సమయానికి ఎమ్మెస్సీ నర్సింగ్‌లో మా జెనెటిక్స్ మేడమ్ ఎవరి కుటుంబం చార్టు వాళ్లని మూడు తరాలకి గీసుకురమ్మన్నారు. చుట్టాలింటి భోజనం, అసైన్‌మెంటు రెండూ ఒక్క టికెట్టుతో అయిపోతాయని ఎగిరి గంతేశాను. అమ్మ బీరువాలోంచి ఆకుపచ్చ పట్టుచీర తీసి, మడత నలగకుండా బ్యాగులో అడుగున పెట్టాను. ఆ చీర సంగతి గుర్తుంచుకోండి.

విశాఖలో సాయంత్రం స్లీపర్ ఎక్కితే మర్నాడు పొద్దున్న తొమ్మిదిన్నరకి టాటానగర్‌లో దిగాను. ఛార్జీ నాలుగు వందల పైచిలుకు. దారంతా కణశాస్త్రం పుస్తకమే. ఎర్ర రక్తకణం నాకు మహా ఇష్టం. దానికి కేంద్రకం ఉండదు, కాబట్టి పుట్టినప్పుడు తెచ్చుకున్న ఎంజైములతోనే నాలుగు నెలల బతుకూ లాగించాలి, కొత్తవి చేసుకోలేదు. వాటిలో జి6పిడి అనేదొకటి కణానికి గొడుగు లాంటిది. అది తక్కువగా ఉన్నవాళ్లు మామూలుగానే తిరుగుతారు. కొన్ని మందులో, రసాయనాలో తగిలితే మాత్రం కణాలు పటపటా పగిలిపోయి ఒళ్లు పచ్చబడుతుంది.

స్టేషన్ బయట షేర్ ఆటోలో ముప్ఫై రూపాయలకి బిష్టుపూర్ మీదుగా సాక్చి చేరుకోవచ్చు. నా చేతిలో పుస్తకం చూసి డ్రైవరు హిందీలో డాక్టరా అని అడిగాడు. ఫోన్లో అక్కతో మాట్లాడడం విని, తమది పలాస వైపని తెలుగులోకి మారిపోయాడు. సాక్చి బజారు రద్దీలో నన్ను దింపి, బిర్సానగర్ వెళ్లే ఇంకో ఆటో ఎక్కించాకే కదిలాడు. ఈ ఊరంటే నాకు అక్కడే ప్రేమ పుట్టేసింది.

పదకొండయ్యేసరికి ఇంట్లో ఉన్నాను. బాబుని చూసినవాళ్లంతా ముక్కు, నుదురు అచ్చం మేనమామ పోలికేనంటున్నారు. ఆ మేనమామ లలితక్క తమ్ముడు, మా రవి అన్నయ్య. స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. ఉప్మా తింటూనే కాగితం పరిచాను. మగవాళ్లకి చదరం, ఆడవాళ్లకి గుండ్రం. ఎవరికి ఏ జబ్బులు చేశాయని అడుగుతూ అన్నయ్య చదరం దగ్గరికొచ్చేసరికి పెద్దమ్మ చిన్నప్పటి మలేరియా కథ ఎత్తుకుంది. మాత్రలు మొదలుపెట్టిన మూడో రోజుకే కళ్లు పచ్చబడి, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారిందట. మాత్ర పడలేదని ఆపేసి, కామెర్లకి పసరు పోయించారట.

అన్నయ్య నవ్వేసి, "అరే ఛోడ్ చెల్లీ, పురానా బాత్," అంటూ ఆ పాత సంగతి కొట్టిపారేశాడు.

నాకు మాత్రం ఒళ్లు ఝల్లుమంది. పుస్తకంలో చదివిన పేజీ ఎదురుగా కూర్చుని ఉప్మా తింటోంది! జి6పిడి లోపం ఎక్స్ క్రోమోజోమ్‌తో వస్తుంది. ఆడవాళ్లకి రెండు ఎక్స్‌లు కాబట్టి ఒకటి చెడినా రెండోది చాలావరకు ఆదుకుంటుంది. మగపిల్లాడికి ఉన్నది ఒక్కటే, అదీ తల్లి ఇచ్చిందే. అందుకే మేనమామకి ఉన్నది మేనల్లుడికీ రావచ్చు. ఆ మాటే చెబుతుంటే పెద్దమ్మ మంచం కింది ట్రంకుపెట్టె లాగి మూత తీసింది. ఎల్లుండి ఉయ్యాలలో పరచడానికి తన పెళ్లి చీర కావాలట. గుప్పున కలరా ఉండల వాసన. ఈ లోపం ఉన్న పసివాడికి అసలు తగలకూడని రసాయనాల్లో అదీ ఒకటి.

ఒక్క ఉదుటున పెట్టె మూసేసి, ఎందుకో చెప్పాను. పెద్దమ్మ ఆ మూత మీద చెయ్యి వేసి అంది.

"రవిగాడి బారసాలకీ ఈ సీరే పరిసేను. నాలుగు రోజులకి ఆడు పసుపుముద్దలాగయిపోయేడు. దిష్టనుకున్నానే."

ఆవిడే మళ్లీ అడిగింది. "అయితే నా నుంచే వచ్చిందేటే?"

"అమ్మమ్మ నుంచి నీకు వచ్చుంటుంది పెద్దమ్మా. మా అమ్మకీ ఉండొచ్చు, నాకూ ఉండొచ్చు. ఇందులో ఎవరి తప్పూ లేదు."

మధ్యాహ్నమే బాబుని, అన్నయ్యని డాక్టరుకి చూపించి రక్తపరీక్ష చేయించాం. మర్నాడు సాయంత్రం రిపోర్టులొచ్చాయి. ఇద్దరికీ ఎంజైమ్ తక్కువే. అక్క ఏడ్చింది. బాబు హాయిగా ఉన్నాడని, వాడకూడని వాటి జాబితా దగ్గరుంచుకుంటే అందరిలాగే పెరుగుతాడని డాక్టరు నిదానంగా చెప్పారు. తిరిగొచ్చేటప్పుడు సాక్చిలో కొత్త నూలు గుడ్డ కొన్నాం. పెద్దమ్మ దాన్ని రెండుసార్లు ఉతికింది. అన్నయ్య ఆ ట్రంకుపెట్టెని మోసుకెళ్లి వెనక రేకుల గదిలో పెట్టాడు.

బారసాల రోజు పొద్దున్న పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడింది. చుట్టాలు బాబుకని తెచ్చిన ప్రతి జుబ్బానీ, కప్పుకొచ్చిన ప్రతి శాలువానీ ముక్కు దగ్గర పెట్టుకుని చూశాకే లోపలికి రానిచ్చింది. అనుమానం తగిలినవన్నీ డాబా మీద తీగ ఎక్కాయి. పక్కింటావిడ మూతి ముడుచుకున్నా పట్టించుకోలేదు. నేను గర్వంతో ఉబ్బిపోతూ, స్నానం చేసి పట్టుచీర కట్టుకొచ్చి బాబు కోసం చేతులు చాపాను.

"ఆగవే నర్సమ్మా," అంది పెద్దమ్మ. "ఆ సీర మీ అమ్మ బీరువాలోదేనా?"

కొంగు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అదే వాసన. మూడు రోజులుగా అందరికీ పాఠం చెప్పినదాన్ని, నా బ్యాగు వైపు చూడనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. స్నానం మళ్లీ చేసి, పెద్దమ్మ ఇచ్చిన ఉతికిన నూలుచీర కట్టుకొచ్చాకే బాబు నా చేతికొచ్చాడు.

తిరుగు రైల్లో చార్టు పూర్తి చేశాను. రెండు చదరాలు నల్లగా నింపాను. లోపాన్ని మోసిన పెద్దమ్మ, అక్క గుండ్రాల్లో చుక్కలు పెట్టాను. నా గుండ్రం మాత్రం ఖాళీగానే ఉంది. వైజాగ్ చేరగానే అమ్మా నేనూ పరీక్ష చేయించుకుంటాం. భయంగా లేదు, ఉత్సాహంగానే ఉంది. ఇన్నాళ్లూ పరీక్షల కోసం బట్టీ పట్టిన పాఠం ఒక పసివాడికి పనికొచ్చింది. పాఠం నాదే అయినా కాపలా కాసింది మాత్రం పెద్దమ్మ. ఇక మీకో చిన్న సలహా. పసిబిడ్డ ఉన్న ఇంటికి బయల్దేరుతుంటే, బ్యాగు సర్దే ముందు మీ బట్టలు మీరే ఓసారి వాసన చూసుకోండి. లేకపోతే గుమ్మంలో మా పెద్దమ్మ చూస్తుంది.