నలుగురి ముందర తెరిచిన పెట్టె

ఆకాశం నుంచి మన మీద పడే కాస్మిక్ కిరణాలు నక్షత్రాలు పేలినప్పుడు పుట్టినవా, ఇంకెక్కడి నుంచైనా వచ్చినవా అని మద్రాసులో మా ప్రొఫెసరు ఏళ్ల తరబడి తల బద్దలు కొట్టుకునేవారు. యాభైల్లో ఆ సంగతి ఎవరికీ తేలలేదు. కిందికి వచ్చేలోపే అవి గాలిలో చెదిరిపోతాయి గనక పైనే పట్టుకోవాలి. అందుకని ఆ కిరణాల జాడ పడే ఫోటో పలకలను నల్ల కాగితంలో చుట్టి, రేకు పెట్టెలో పెట్టి, బెలూన్‌కు కట్టి వదిలేవాళ్లం. పైన బెలూన్ పగిలాక పెట్టె పారాచూట్‌తో కిందికి దిగేది. పలకలకు వెలుతురు తగలకూడదు, అంతే. ఆ ఏడాది పెట్టెను వెతికి తెచ్చే పని నాది. తెస్తే ఆయన దగ్గర రీసెర్చికి సీటు.

గాలి దాన్ని తెచ్చి కోయిలకుంట్ల దగ్గర మా ఊళ్లోనే పడేసింది. అదీ మా జొన్నచేనికీ చిన్నాయన చేనికీ నడిమి గట్టు మీద. అదృష్టమనుకున్నాను, నా మొహం! ఆ గట్టు తగాదాతోనే నాయనకూ చిన్నాయనకూ ఏళ్లుగా మాటల్లేవు.

నేను బస్సు దిగి పోయేసరికి పెట్టె చావడి ముందర ఎండలో ఉంది. ఊరంతా చుట్టూ చేరింది. సీలు మాత్రం ఎవరూ ముట్టలేదు. ఇద్దరూ నాదంటే నాదనే వస్తువును నలుగురి ముందరే తెరవాలని మా ఊరి కట్టుబాటు.

"తెరవద్దు నాయనా, వెలుతురు తగిలితే అంతా పాడైపోతాది," అని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను.

చిన్నాయన నవ్వాడు. "సూడండప్పా, కొడుకే వద్దంటాండాడు. లోపల ఏమో శానా ఉండాది."

నేను బతిమాలేకొద్దీ జనానికి అనుమానం ముదిరింది. తలుపులేసి చీకటి గదిలో తెరుద్దామన్నాను. అది ఇంకా చెడింది. నాయన మొహం ఎర్రబడింది. "మా యింట్లో దాచుకునే బుద్ధి ఎవురికీ లేదు," అంటూ గడ్డపార తెప్పించి మూత తానే పెకలించాడు. నల్ల కాగితాలు ఒక్కొక్కటే విప్పి, పలకలను ఎండలో అటూ ఇటూ తిప్పి అందరికీ చూపించాడు.

తర్వాత పారాచూట్ గుడ్డను సమంగా చించి అన్నదమ్ములు పంచుకున్నారు. ఇన్నేళ్లకు ఆ రోజే ఇద్దరూ పలకరించుకున్నారు. ఊరు సంతోషించింది. నాకు ఒళ్లు మండిపోయింది.

మద్రాసులో కడిగితే పలకలన్నీ నల్లగా వచ్చాయి. ప్రొఫెసరు తిట్టలేదు. ఆ సీటు మాత్రం ఇంకొకరికి ఇచ్చారు. నేను కడపలో బడిపంతులునయ్యాను.

నాయన పోయేదాకా ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు: "ఆ పెట్టెలోంచి ఒక్క బిళ్ల పోలేదప్పా. అన్నీ నలుగురి ముందర సూపిచ్చి, మావాని చేతికే అప్పజెప్పినా."