డాక్టరమ్మ నిద్ర

రావల్కోల్‌లో మధ్యాహ్నం డాక్టరమ్మ పడుకుంటే ఊరు గొంతు తగ్గించుకోవాలి. అది పంచాయతీ తీర్మానం కాదు, విజయమ్మ హుకుం.

చాలాకాలం ఆ ఊళ్ళో డాక్టరే లేడు. జ్వరమొచ్చినా మేడ్చల్‌కే పరుగు. వచ్చిన ఒకరిద్దరూ నిలవలేదు. నిలవనిచ్చారా మనవాళ్ళు? ముద్ద నోట్లో పెట్టుకోబోతే తలనొప్పంటారు, స్నానానికి వెళ్తే తలుపు బాదుతారు. బర్రె కడుపు ఉబ్బిందని కుర్మయ్య నిద్ర లేపినందుకే కిందటి డాక్టరు మూటాముల్లే సర్దుకున్నాడని విజయమ్మ నమ్మకం.

ఇప్పుడు కోడలు ప్రణీతకు నెలలు నిండుతున్నాయి. కొత్తగా వచ్చిన హరిచందనను మాత్రం పోనివ్వకూడదు. అల్వాల్ నుంచి రోజూ తిరిగే ఆ కోస్తా పిల్లకు తన ఇంటి వెనక గది ఇచ్చింది, కిరాయి మాటెత్తితే కసిరింది. పొద్దుటి నుంచి దవాఖానాలో జనాన్ని చూసొచ్చి ఆ పిల్ల కాస్త నడుం వాల్చిందంటే, తలుపు ముందు పీట వేసుకుని, కట్టె పట్టుకుని విజయమ్మ కాపలా.

ఆ కాపలా ఆమెకు ఎంత హాయో! వాకిట్లో నీడలు మెల్లగా జరిగేవి. మక్కచేన్ల మీది గాలి, లోపల ఫ్యాను చప్పుడు, వింటూ వింటూ కళ్ళు మూతపడేవి. ఆ మగతలో ఊరినిండా డాక్టర్లే కనిపించేవారు. ఎముకలకొకరు, గుండెకొకరు, పసిపిల్లలకొకరు. అందరూ అరుగుల మీద ఆదమరిచి నిద్రపోతుంటే, తాను విసనకర్ర పట్టుకుని ఒక్కొక్కరికీ విసురుతూ తిరిగేది.

ఒకరోజు ఆ కలలోనే ఛాతీ మీద ఎవరో తిరగలిరాయి పెట్టినట్టయింది. కళ్ళు తెరిచింది. రాయి పోలేదు. ఎడమ చెయ్యి లాగుతోంది, ఒళ్ళంతా చెమటలు. తలుపు అవతలే డాక్టరు. చెయ్యి చాపితే అందే తలుపు. విజయమ్మ చెయ్యి చాపలేదు. కొంగు నోట్లో కుక్కుకుని అలాగే కూర్చుంది.

చివరికి కట్టె జారిపడ్డ చప్పుడుకు హరిచందన లేచొచ్చింది. మాత్ర నమిలించింది, పట్నంలోని గుండె డాక్టరుతో ఫోన్లో మాట్లాడింది, అంబులెన్సు ఎక్కించి తానూ ఎక్కింది. దారిపొడుగునా ఏడుస్తూనే తిట్టింది.

"పక్కనే ఉన్నాను కదమ్మా! నన్నెందుకు లేపలేదు?"

"లేపితే నువ్వు గూడ పోతవనుకున్న, బిడ్డా."

హరిచందన ఆమె చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది.

విజయమ్మ బతికి బట్టకట్టి ఇల్లు చేరేసరికి గది తలుపుకు బర్రె మెడగంట వేలాడుతోంది. కుర్మయ్య ఇచ్చాడట.

"ప్రాణం మీదికొస్తే ఇది కొట్టాలి. మిగతావన్నీ సాయంత్రానికి," అంది హరిచందన.

విజయమ్మ మళ్ళీ పీటెక్కింది. ముల్లు గుచ్చుకుందంటూ వచ్చిన కుర్మయ్యను, "ముల్లుకు సావవు తియ్, పొద్దుమీకి రా పో," అని తోలేసింది.

ప్రణీతకు నొప్పులు కూడా మధ్యాహ్నమే మొదలయ్యాయి. "అత్తమ్మా!" అన్న కేకకు విజయమ్మ లేచి గంట పట్టుకుంది. లోపల ఫ్యాను తిరుగుతోంది. అలసిన పిల్ల, ఇప్పుడే కళ్ళు మూసింది. పాపమనిపించి ఒక్క క్షణం చెయ్యి ఆగింది.

తర్వాత ఊరంతా వినేట్టు కొట్టింది.

"వస్తున్నానమ్మా!" అంది లోపలి గొంతు.