మంగవ్వ నాలుక

పసుపు కొమ్ము ఎండిందో లేదో మంగవ్వ పంటితో కొరికి చెప్పేది. టక్కున విరిగితే ఎండినట్టు, సాగితే ఇంకా తడి ఉన్నట్టు. ఆర్మూర్ మార్కెట్ గంజ్ వెనకాల దేవిదాస్ షెడ్డులో ఆమె పని అదే. కొమ్ములను డ్రమ్ములో వేసి పొట్టు రాలేదాకా తిప్పడం, చివర్లో మెరుపు కోసం పసుప్పచ్చ రంగు నీళ్లు చిలకరించడం, మధ్యమధ్యలో, రంగు ఆరాక కూడా, కొరికి చూడడం. ఎనభైల చివరి సంగతి ఇది. తోడబుట్టినవాళ్లు లేని మంగవ్వ దేవిదాస్‌కు ఏటా రాఖీ కట్టేది. మా అన్న బంగారమని వాడంతా చెప్పుకునేది. పక్కింటిదాన్ని కాబట్టి నేనూ వినేదాన్ని. ఆ దేవిదాస్ నవ్వు మాత్రం నాకెన్నడూ నచ్చలేదు.

ఒక ఎండాకాలం ఆమె నాలుక చిమచిమలాడడం మొదలైంది. ఏం తిన్నా ఇనుము నాకినట్టే ఉందనేది. ఉప్పు తెలియక పప్పులో రెండుసార్లు వేస్తే మేమంతా ఆటపట్టించాం. సున్నం ఎక్కువైందేమోనని తమలపాకు మానేసింది, జర్దా మానేసింది, బలం గోలీలు మింగింది. ఏదీ పని చేయలేదు.

నేనే నిజామాబాద్ తీసుకుపోయాను. షుగరున్నా, రక్తం తక్కువైనా, ఏదైనా మందు పడకపోయినా నాలుక ఇట్లా అవుతుందని డాక్టరమ్మ పరీక్షలు రాసింది. అన్నీ బాగానే వచ్చాయి. అప్పుడడిగింది, రోజంతా నోట్లో ఏం పెట్టుకుంటావని.

"పసుపు కొమ్ములే గద డాక్టరమ్మా. గది దవాయే," అంది మంగవ్వ.

రంగు సంగతి నేను చెప్పాను. కొన్ని పసుప్పచ్చ రంగుల్లో సీసమనే విషం ఉంటుందనీ, అదే కారణం కావచ్చనీ, ఖాయంగా తేలాలంటే హైదరాబాద్‌లో ఇంకో పరీక్ష చేయించాలనీ, అందాకా కొరకొద్దనీ డాక్టరమ్మ చెప్పింది.

మంగవ్వకు కోపమొచ్చింది, డాక్టరమ్మ మీద. బస్సు పొడుగునా నాతో కొట్లాడింది. "మా అన్న నాకు ఇసం పెడ్తడా? గా రంగు పసుపుల నుంచే తీస్తరట!"

మర్నాడు అన్ననే అడిగింది. "మా ఇంట్ల గూడ గదే తింటం చెల్లె, ఫికర్ జెయ్యకు," అన్నాడు. నమ్మింది. మళ్లీ కొరికింది. నాకు ఒళ్లు మండిపోయింది.

మాఘంలో దేవిదాస్ బిడ్డ పెళ్లి కుదిరింది. పసుపు దంచేటప్పుడు మొదటి పోటు మేనత్తదే, అందుకని మంగవ్వను పిలిచారు. దంచడానికి రెండు రోజుల ముందు అతను షెడ్డుకొచ్చి ఇంటి కోసం కొన్ని కొమ్ములు పక్కన పెట్టమన్నాడు. "గవ్విటికి రంగు గొట్టకు," అన్నాడు. ఆ సాయంత్రం మంగవ్వ మా అరుగు మీద కూర్చుని ఈ సంగతి నాకు చెప్పింది. "శుభకార్యం గద, గందుకే అనుంటడు," అని లేచిపోయింది. ఆ మాట ఆమే నమ్మలేదని నాకు తెలుస్తూనే ఉంది.

పసుపు దంచే పొద్దున దేవిదాస్ వాకిట్లో రోలు చుట్టూ ఆడవాళ్లం కూర్చున్నాం. మంగవ్వ కొంగులోంచి తళతళలాడే రంగు కొమ్మొకటి తీసి పెళ్లిపిల్ల చేతికిచ్చింది. "ఎండిందో లేదో జర కొరికి చూడు బిడ్డా," అంది. పిల్ల మణికట్టును మాత్రం తన పిడికిట్లో గట్టిగా పట్టుకునే ఉంది, నోటిదాకా పోనియ్యకుండా.

అరుగు మీది నుంచి దేవిదాస్ ఒక్క ఉరుకున వచ్చి కొమ్మును కింద పడగొట్టాడు. "గది నోట్ల పెట్టకు బిడ్డా!"

మంగవ్వ పిల్ల చెయ్యి వదిలి అతని వైపు చూసింది.

"మరి నన్నెందుకు కొరకనిచ్చినవ్, అన్నా?"