సత్ప్రసాదానికి గీసిన పటం

ఆ రోజుల్లో, కొలతలు సరిగా ఇస్తే ఏ మార్పునైనా మనుషులకు ఒక్క కాగితంతో నేర్పవచ్చునని నాకు గట్టి నమ్మకం. పాలిటెక్నిక్ పూర్తిచేసి, బెల్లంపల్లి దగ్గర ఒక గని సర్వే ఆఫీసులో పటాలు గీసే పనిలో చేరి అప్పటికి ఆరు నెలలు (కచ్చితంగా చెప్పాలంటే ఆరు నెలల పదకొండు రోజులు). కరోనా సద్దుమణిగి మా క్యాథలిక్ గుడి మళ్లీ తెరిచినప్పుడు, ఇకమీదట సత్ప్రసాదాన్ని (పూజలో క్రీస్తు శరీరంగా అందుకునే పలుచటి గోధుమ అప్పాన్ని) నాలుక మీద పెట్టబోమని, అందరూ చేతిలోనే అందుకోవాలని ఫాదర్‌గారు ప్రకటించారు. బుద్ధెరిగిననాటి నుంచి కళ్లు మూసుకుని నోరు తెరవడం మాత్రమే తెలిసిన జనం మేము. అందరికీ అర్థమయ్యేలా ఒక బొమ్మ గీసిపెట్టమని ఆయన నన్ను అడగడంతో నా చదువు ధన్యమైంది. కుడి అరచేతి మీద ఎడమ అరచెయ్యి, ఎత్తు రొమ్ముకు సమానం, అప్పం అందాక కింది కుడిచేతిని తీసి దానితో నోట్లో పెట్టుకోవడం. బాణాలు, అంకెలు, కింది మూలన నా సంతకం, తేదీ. గని పటానికి ఏమాత్రం తీసిపోకుండా గీసి గుమ్మం పక్కన అంటించాను.

మొదటి ఆదివారమే నా నమ్మకానికి బీటలు పడ్డాయి. సత్ప్రసాదం అన్న మాటలోనే ప్రసాదం ఉంది కదా. సగం మంది కుడిచేతిని దొన్నెలా పట్టి, అప్పాన్ని కళ్లకద్దుకుని తిని, ఆ చేతిని తలకు రాసుకున్నారు. ఒకావిడ తనది తీసుకుని కదలకుండా నిలబడి, పెనిమిటి మొదటి షిఫ్టుకు పోయాడని, ఆయనది కూడా ఇస్తే టిఫిను డబ్బాలో తీసుకుపోతానని వినయంగా అడిగింది. (ఫాదర్‌గారు అంతకంటే వినయంగా, ఆయననే పంపమన్నారు.) గుడిలో పాటలెత్తుకునే ముసలమ్మను అందరూ పాటలవ్వ అనేవారు. పూజ అయ్యాక ఆమె నన్ను పటం ముందుకు పిలిచింది.

"ఎడమచేతితోని సుట్టానికి మంచినీళ్లు సుత ఇయ్యం. గసుంటిది దేవున్ని తీస్కపోయి గా చేతుల పెట్టుమంటివా బిడ్డా?"

అందుకునేది ఎడమచెయ్యి, తినేది కుడిచెయ్యి అని ఎర్ర సిరాతో గమనిక చేర్చి, పటం మీద 'రెండవ సవరణ' అని రాశాను. (మొదటి సవరణలో నా అక్షరదోషాన్ని నేనే దిద్దుకున్నాను, దాన్నెవరూ గమనించలేదు.)

జనం మెల్లగా నేర్చుకున్నారు. మా బాపు మాత్రం లేవనే లేదు. ముప్పై ఏళ్లు భూమిలోపల బొగ్గు తీసి రిటైరైన మనిషి, సత్ప్రసాదం లేని ఆదివారం ఎరగనివాడు, మూడు వారాలు వరుసగా బల్ల మీదే చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పటం అర్థం కాలేదేమోనని ఇంట్లో గుండ్రటి బిస్కెట్లతో అభ్యాసం చేయించాను. మొదటిసారికే తప్పు లేకుండా చేశాడు; పది బిస్కెట్లయ్యాక చాయ్ కూడా అడిగాడు. మరుసటి ఆదివారమూ లేవలేదు. ఇంటికొచ్చి నిలదీస్తే, అరచేతులు నా ముందు చాపాడు. గాయాల్లోకి బొగ్గుపొడి దిగి, పైన చర్మం మూసుకుపోయి, నీలి గీతలుగా మిగిలిన చేతులు.

"నోట్లె పెట్టినన్ని దినాలు కండ్లు మూసుకుంటుంటి, అయిపోతుండె. ఇప్పుడు గీ చేతులు ఆయన ముంగట సాపాలె. ఎంత తోమినా పోతలేవు బిడ్డా."

అది మురికి కాదని, చర్మం లోపల నిలిచిపోయిన కర్బన రేణువులని నేను వివరించాను. ఆయన శ్రద్ధగా విని, అది తనకూ ఎరుకేనని, అయినా పొద్దున మూడుసార్లు సబ్బు పెట్టానని చెప్పాడు.

ఏమీ తోచనప్పుడు పటం గీయడం నా అలవాటు. బాపు చేతులను కాగితం మీద వెల్లకిలా పెట్టించి (ఆఫీసు పని అనుకున్నాడు పాపం), ప్రతి నీలి గీతనూ, వంకరపోయిన చిటికెనవేలునూ కొలిచి ఉన్నది ఉన్నట్టు దింపాను. పటంలోని పాత నున్నటి చేతులను తీసేసి, మూడవ సవరణగా వీటిని అంటించాను. ఎవరివన్నది రాయలేదు.

ఆ ఆదివారం పూజకు ముందే పటం దగ్గర నలుగురు పాత కార్మికులు గుమికూడారు. బొటనవేలి కింది గీత తనదేనని ఒకరు, కాదు, పైకప్పు రాయి పడి తనకైన గాయమని మరొకరు, అరచేతులు పటం పక్కన పెట్టి పోల్చుకుంటూ వాదించుకుంటున్నారు. బాపు కొంతసేపు వెనక నిలబడి విన్నాడు. తరువాత వాళ్లను జరగమని ముందుకొచ్చి, తన చేతిని వెల్లకిలా పటం మీద ఆనించాడు. వేలికి వేలు సరిపోయింది.

"నాది," అన్నాడు.

"అబ్బో, నీ చేతుల ఫోటో గుడిల వెట్టిండ్రురా," అని ఒకాయన ఆటపట్టించాడు.

ఆ రోజు వరుసలో మొదట నిలబడింది బాపే. చేతులను రొమ్ముకంటే నాలుగంగుళాలు ఎక్కువ ఎత్తున పట్టాడు. నేను దిద్దలేదు.

ఇంటికి నడుస్తుంటే, చిటికెనవేలు మరీ వంకరగా గీశానని తప్పుపట్టాడు. కొలిచే గీశానని, కచ్చితంగా ఇరవై ఆరు డిగ్రీలని చెప్పాను.

"కొలిసినవ్ గని, ఎట్లయిందో అడుగకపోతివి."

అడిగాను. గుడి దగ్గర మొదలుపెట్టిన కథ మా క్వార్టరు చేరినా పూర్తికాలేదు. తాళం తీయకుండానే మెట్ల మీద కూర్చుండిపోయాం. ఆ వేలు పట్టుకునే నడక నేర్చి, దాని కోణం తప్ప ఇంకేమీ తెలియకుండా పెరిగిన ఆనాటి నన్ను, ఆ సర్వే పిల్లను, తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కొంచెం జాలి కూడా.