ఎల్లేశం ఎడమ కన్ను

ఎల్లేశం ఎడమ కంట్లో బొగ్గు నలక పడి నాలుగు రోజులైంది. కన్ను పండు మిరపకాయలా ఎర్రబడ్డా మనిషి దవాఖానకు కదలడు. గోదావరిఖని బొగ్గుబాయిలో దిగేవాళ్లకు నలక కొత్తేమీ కాదు. పక్కవాడు తువ్వాల కొస మడిచి తీసేస్తాడు. ఈసారి మాత్రం ఎల్లేశం ఎవరినీ ముట్టనివ్వలేదు. భార్య పోశవ్వ బతిమాలింది, తిట్టింది, వండనని బెదిరించింది. ఆయన తానే వండుకుంటానన్నాడు.

బాయిలో ఆయన జతగాడు సదానందం ఇంటికొచ్చి గుట్టు విప్పాడు. కన్ను పోతే బాయి పనికి పనికిరాడని డాక్టర్లు రాస్తారు, కంపెనీ రూలు ప్రకారం ఆయనకు బదులు కూతురు రాజకుమారికి నౌకరీ దొరుకుతుంది. అదీ ఎల్లేశం ఎత్తు. కంపెనీ క్వార్టర్లలో ఈ ఆశ ఎరగని ఇల్లుండదు.

రాజకుమారి ప్రైవేటు బడిలో ఇంగ్లీషు పంతులమ్మ. తండ్రి ఎదుట గచ్చు మీద చతికిలబడింది.

"బాపూ, నన్ను నలుగురిల ఏమని చెప్పుకుంటవు?"

"నా కంటిపాప అంట. అయితే ఏంది?"

"ఇంగ్లీషోళ్లు 'యాపిల్ ఆఫ్ మై ఐ' అంటరు. నా కంట్ల యాపిల్ పండు అన్నట్టు."

కంట్లో పండేమిటని ఎల్లేశం నవ్వాడు. ఆమె నవ్వకుండా చెప్పుకొచ్చింది. వెనకటికి అక్కడివాళ్లు కంటి నడుమ నల్లటి గుండ్రాన్ని పండులాంటి గట్టి ఉండ అనుకున్నారట, అందుకే దానికా పేరు. అది చెడితే చూపే లేదు గనుక, అంత భద్రంగా చూసుకునే మనిషినీ ఆ మాటే అనసాగారట. వెయ్యేళ్ల నాటి రాతల్లోనే ఉందట. మనవాళ్లకేమో ఎదుటి మనిషి బొమ్మ ఆ నల్లగుడ్డులో చిట్టి పాపలా కనబడింది, కంటిపాప అన్నారు.

"ఇద్దరూ కన్ను పానమని తెలిసే గట్లన్నరు. నువ్వేమో నా కోసం దాన్నే పోగొట్టుకుంటనంటున్నవు."

"ఇంకోటి ఉన్నది గద."

"అయితే విను. నీ కన్ను పోయి వచ్చే నౌకరీ నేను చెయ్య. కన్నుకు కన్ను పాయె, నౌకరీకి నౌకరీ పాయె. ఇగ నీ ఇష్టం."

తిట్లకు బెదరని మనిషి దీనికి దిమ్మెరపోయాడు. ఎవరి కోసమైతే నొప్పి ఓర్చుకున్నాడో ఆ పిల్లే వద్దంటే ఇంక ఓర్చుకోవడం ఎందుకు? లేచి, ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి పోశవ్వ చెప్పు తొడుక్కుని దవాఖానకు బయలుదేరాడు.

డాక్టరమ్మ నలక తీసింది. ఆలస్యం చేసినందుకు చీవాట్లు పెట్టింది. చూపు ఎంతవరకు తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేనని, మందు చుక్కలు మాత్రం తప్పొద్దని అంది.

ఇంటికి రాగానే ఎల్లేశం మళ్లీ అదే పాట. "మరి నీకు నౌకరీ ఎట్ల బిడ్డా?"

రాజకుమారి ఆయన గడ్డం పట్టి తల వెనక్కి వంచింది.

"సర్కారు బడిల పంతులమ్మ నౌకరీకి పరీక్ష రాస్త. రాకుంటే మల్ల రాస్త. కన్ను మూయకు, చుక్క పడాలె."